గ్రాంట్ అయిపోయాక జాయింట్ మాస్టర్స్ నడుస్తుందా? నడుస్తుంది, కానీ ఇప్పుడున్నట్టు మాత్రం కాదు

నాలుగు దేశాల్లో ఉన్న నాలుగు యూనివర్సిటీలు కలిసి రెండేళ్ల జాయింట్ మాస్టర్స్ నడుపుతున్నాం, యూరోపియన్ యూనియన్ (ఈయూ) ఇచ్చే ఎరాస్మస్ ముండుస్ గ్రాంట్ డబ్బు ఇంకో రెండు బ్యాచ్‌లకే ఉంది, మళ్లీ అప్లై చేస్తే వస్తుందో రాదో తెలీదు, రాకపోతే ఫీజు పెట్టి నడపొచ్చా లేక మూసుకోవడమేనా అని అడిగారు. ఇలాంటివి రెండు నడిపాను నేను. ఒకటి గ్రాంట్ పోయాక కూడా నడుస్తోంది, రెండోది ఆగిపోయింది, ఆగిపోయినదాని దగ్గరే ఎక్కువ నేర్చుకున్నాను కాబట్టి దాని గురించే ఎక్కువ వస్తుంది, కొంచెం పెద్దగా ఉంటుంది, ఓపిగ్గా చదవండి.

ముందు టైము సంగతి. రెండు బ్యాచ్‌లు ఉన్నాయి కదా అని నింపాదిగా ఉండకండి. ఫీజు కట్టి చేరే మొదటి బ్యాచ్ సెప్టెంబరులో క్లాసులో కూర్చోవాలంటే అంతకు ముందు ఏడాది అక్టోబరు, నవంబరుకల్లా వెబ్‌సైట్లో ఫీజు ఎంతో కనపడాలి, ఎందుకంటే వేరే ఖండాల నుంచి వచ్చే పిల్లలకి లోనుకీ, వీసాకీ, వాళ్ల దేశం ఇచ్చే స్కాలర్‌షిప్‌కీ అంత టైము పడుతుంది. ఆ ఫీజుని నాలుగు యూనివర్సిటీల బోర్డులూ ఆమోదించాలంటే ఇంకో ఆరు నుంచి తొమ్మిది నెలలు, అది కూడా ఎవరూ అలగకపోతే. వెనక్కి లెక్కేసుకుంటే దాదాపు రెండేళ్లు. అంటే ఇవాళ మొదలుపెడితే మీకు సరిగ్గా సరిపోతుంది, ఇంకో ఏడాది చూద్దాం అంటే ఒక బ్యాచ్ ఎగిరిపోయినట్టే, ఒక ఏడాది అడ్మిషన్లు ఆపారంటే జనం ఆ ప్రోగ్రాం పోయిందనే అనుకుంటారు, మళ్లీ లేపడం కొత్తది పెట్టడం కంటే కష్టం.

ఇక డబ్బు. గ్రాంట్ పోతోంది అంటే చాలామందికి ఒకటే డబ్బు పోతున్నట్టు అనిపిస్తుంది, నిజానికి రెండు వేరువేరు డబ్బులు పోతున్నాయి, వాటిని కలిపి చూసినంత కాలం దారి దొరకదు. 2021 నుంచి ఉన్న రూల్ ప్రకారం స్కాలర్‌షిప్ స్టూడెంట్ చేతికి నెలకి 1,400 యూరోలు, రెండేళ్లకి 33,600. ఇది కాక ప్రోగ్రాం నడపడానికని చేరిన ప్రతి స్టూడెంట్ మీదా నెలకి 750 యూరోలు కన్సార్టియానికి, అంటే కలిసి నడిపే యూనివర్సిటీల గుంపుకి వస్తాయి, అంటే ఒక్కొక్కరి మీద 18,000, ఇరవై మంది బ్యాచ్ అయితే 3,60,000 యూరోలు. మొదటి రకం డబ్బుని మీరు ఎక్కడినుంచీ తీసుకురాలేరు, ఆ ఆశ వదిలేసుకోండి. ఏ కంపెనీ, ఏ ఫౌండేషన్ ఇరవై మందికి రెండేళ్లపాటు నెలకి 1,400 ఇవ్వదు. ఆ రెండోదాన్ని మాత్రం తెచ్చుకోవచ్చు, అదీ మొత్తం అక్కర్లేదు.

ఎందుకు అక్కర్లేదంటే, మీ కోర్సుల్లో ఎన్ని మీ ప్రోగ్రాం కోసమే పెట్టినవి, ఎన్ని ఆ డిపార్ట్‌మెంట్ లోకల్ స్టూడెంట్లకి ఎలాగూ చెప్పేవో కూర్చుని లెక్కపెట్టండి. మా దగ్గర చూస్తే మూడొంతులకి పైగా ఎలాగూ చెప్పేవే. అరవై మంది కూర్చునే క్లాసులో ఇంకో పదిమంది కూర్చుంటే యూనివర్సిటీకి పెద్దగా పెరిగే ఖర్చేం లేదు. డబ్బు తినేది కోర్సులు కాదండీ, ఒక కోర్సుకీ ఇంకో కోర్సుకీ మధ్య, ఒక దేశానికీ ఇంకో దేశానికీ మధ్య ఉండే పని, అంటే సెలెక్షన్, వీసా లెటర్లు, మార్కులు ఒక స్కేలు నుంచి ఇంకో స్కేలుకి మార్చడం, నాలుగు చోట్ల రిజిస్ట్రేషన్, డిప్లొమా ప్రింటు, మధ్యలో ఎవరికైనా జబ్బు చేసినా డిప్రెషన్ వచ్చినా ఎవరు చూడాలి అన్నది. ఆ పనికి ఎంత అవుతుందో విడిగా లెక్కకట్టండి.

ఉదాహరణకి ఊరికే వేసి చూపిస్తాను, అంకెలు మీవి పెట్టుకోండి. సగం టైము కోఆర్డినేటర్‌కి జీతం, పన్నులూ అన్నీ కలిపి ఏడాదికి 35,000, వెబ్‌సైటూ సెలెక్షనూ ప్రయాణాలూ 10,000, మొదటి వారం అందరినీ ఒకచోట చేర్చడానికి 8,000, అనుకోని ఖర్చులకి 7,000, మొత్తం 60,000 యూరోలు. ఒకేసారి రెండు బ్యాచ్‌లు నడుస్తాయి కాబట్టి బ్యాచ్‌కి పన్నెండు మంది చొప్పున ఇరవై నాలుగు మంది, తలకి ఏడాదికి 2,500. గ్రాంట్‌లో ఇదే తలకి ఏడాదికి 9,000 వచ్చేది, అందుకే అలవాటు పడిపోయాం. బ్యాచ్ ఆరుగురికి పడిపోతే అదే ఖర్చు తలకి 5,000 అవుతుంది, అక్కడ మొదలవుతుంది అసలు నొప్పి. కాబట్టి పెట్టుకోవాల్సిన ప్రశ్న ఫీజు ఎంత అని కాదు, స్కాలర్‌షిప్ లేకపోయినా ఏటా కనీసం పన్నెండు మంది వస్తారా అని.

ఇక్కడ అందరూ మోసపోయే అంకె ఒకటుంది. మాకు ఏటా ఇన్ని వందల అప్లికేషన్లు వస్తాయండీ డిమాండుకేం కొదవ అంటారు. అవి మీ ప్రోగ్రాంకి వచ్చిన అప్లికేషన్లు కావు, స్కాలర్‌షిప్‌కి వచ్చినవి. మీరు చూడాల్సింది ఇంకోటి, స్కాలర్‌షిప్ రాలేదు కానీ సొంత ఖర్చుతో సీటు ఇస్తాం అని మీరు ఆఫర్ లెటర్ పంపినవాళ్లలో ఎంతమంది నిజంగా వచ్చి చేరారు. ఆ చిన్న అంకే మీ భవిష్యత్తు. ఇప్పటిదాకా అలాంటి సీట్లు ఇవ్వకపోతే ఈ ఏడాదే మొదలుపెట్టండి, గ్రాంట్ నడుస్తుండగా సెల్ఫ్ ఫండెడ్ వాళ్లని తీసుకోవచ్చు, వాళ్ల దగ్గర ఫీజు కూడా తీసుకోవచ్చు, తీసుకోకూడనిది స్కాలర్‌షిప్ వాళ్ల దగ్గరే. గ్రాంట్ పోయాక కాక ఉండగానే ప్రయోగం చెయ్యడం మంచిది, ఫెయిలయినా పడిపోరు.

ఫీజు గురించి చెప్పాలంటే, నాలుగు దేశాలంటే నాలుగు చట్టాలు. డెన్మార్క్ 2006లో, స్వీడన్ 2011లో, ఫిన్లాండ్ 2017లో, నార్వే 2023లో యూరప్ బయటి స్టూడెంట్లకి ఫీజు పెట్టాయి. ఫ్రాన్స్ 2019లో బయటివాళ్లకి మాస్టర్స్ ఫీజు 3,770 యూరోలు అంది, అంటూనే మాఫీ చేసుకునే వెసులుబాటు యూనివర్సిటీలకి ఇచ్చింది. జర్మనీలో ప్రభుత్వ యూనివర్సిటీల్లో చాలాచోట్ల ఫీజే లేదు, బాడెన్ వుర్టెంబర్గ్ రాష్ట్రంలో మాత్రం 2017 శీతాకాలం సెమిస్టర్ నుంచి బయటివాళ్లకి సెమిస్టర్‌కి 1,500. ఇప్పుడు వీటన్నిటి మీదుగా వెళ్లే ఒక స్టూడెంట్‌కి ఒకే ఫీజు చెప్పాలి మీరు. రెండే దారులు. ఒకటి, అందరికీ కలిపి ఒకే ఫీజు, కోఆర్డినేట్ చేసే యూనివర్సిటీ వసూలు చేసి మిగతావాళ్లకి పంచడం. రెండోది, ఏ సెమిస్టర్ ఎక్కడ ఉంటే అక్కడి ఫీజు అక్కడే కట్టడం, దానికి తోడు మధ్యలో పనికి చిన్న కోఆర్డినేషన్ ఫీజు. మొదటిది స్టూడెంట్‌కి సుఖం, రెండోది అకౌంట్స్ ఆఫీసులకి సుఖం. నన్నడిగితే రెండోదే, దానికో కథ ఉంది.

ఆగిపోయింది అన్నాను చూడండి, అందులో మొదటి దారి పట్టాం. ఫీజు కోఆర్డినేట్ చేసే యూనివర్సిటీ అకౌంట్లోకి వచ్చింది, బానే ఉంది, పంచే టైముకి వాళ్ల ఫైనాన్స్ ఆఫీసు ఇది ప్రాజెక్టు డబ్బు కాదు, మా ట్యూషన్ ఆదాయం, ఆదాయాన్ని ఇంకో దేశంలో యూనివర్సిటీకి ఊరికే పంపడానికి మాకు బడ్జెట్ హెడ్ లేదు, ఇన్‌వాయిస్ పంపమనండి అంది. మిగతా యూనివర్సిటీల వాళ్లేమో మేం ఇన్‌వాయిస్ వేస్తే అది సర్వీసు అవుతుంది, వ్యాట్ పడుతుంది అన్నారు. పద్నాలుగు నెలలు ఈ ఉత్తరాలే నడిచాయి. ఈలోపు ఒక పార్ట్‌నర్‌లో డీన్ మారారు, కొత్తాయన డబ్బు రాని ప్రోగ్రాంకి సీట్లెందుకు అన్నారు, ఆయన అన్నదాంట్లో తప్పూ లేదు. కాబట్టి మీరు ఏ దారి పట్టినా కన్సార్టియం అగ్రిమెంట్‌లో ఏ డబ్బు ఏ పేరుతో ఎవరి అకౌంట్ నుంచి ఎవరి అకౌంట్‌కి ఏ నెలలో వెళ్తుందో రాసుకోండి, రాసేటప్పుడు ప్రొఫెసర్లని కాదు, నాలుగు ఫైనాన్స్ ఆఫీసుల వాళ్లని ఒక కాల్‌లో కూర్చోబెట్టండి. విసుగ్గా ఉంటుంది, ఒక గంట పని, పద్నాలుగు నెలలు మిగులుతాయి.

ఇంకో విషయం, ఫీజు తీసుకోలేని యూనివర్సిటీ ఊరికే నష్టపోతోందని అనుకోకండి. చాలా దేశాల్లో రిజిస్టరైన స్టూడెంట్ల సంఖ్యని బట్టో, పాసైన క్రెడిట్లని బట్టో, ఇచ్చిన డిగ్రీలని బట్టో ప్రభుత్వం యూనివర్సిటీకి డబ్బిస్తుంది. మీ స్టూడెంట్‌ని ఆ సెమిస్టర్‌లో అక్కడ మామూలు స్టూడెంట్‌గా రిజిస్టర్ చేశారా, ఎక్స్చేంజ్ స్టూడెంట్‌గా చేశారా అన్నదాని మీద ఆ డబ్బు వచ్చేదీ రానిదీ ఉంటుంది. మా వాళ్లు ఐదేళ్లు ఎక్స్చేంజ్ కింద రాస్తూ వచ్చారు, ఎవరూ చూసుకోలేదు.

మరి గ్రాంట్ లేకుండా ఏళ్ల తరబడి నడిచినవి ఉన్నాయా అంటే ఉన్నాయి, ఒక్కోదాని వెనక ఒక్కో రకం డబ్బుంది. సెమ్స్ అనే మేనేజ్‌మెంట్ మాస్టర్స్ చూడండి, 1988లో కొలోన్ యూనివర్సిటీ, ఇంకా హెచ్‌ఈసీ, ఎసాడే, బొక్కోని అనే బిజినెస్ స్కూళ్లు, నాలుగూ కలిసి మొదలుపెట్టాయి, ఇప్పుడు ముప్ఫైకి పైగా స్కూళ్లు, కంపెనీలు కార్పొరేట్ పార్ట్‌నర్లుగా చేరి డబ్బు కడతాయి, ఎందుకంటే వాళ్లకి ఆ గ్రాడ్యుయేట్లు కావాలి. మేనేజ్‌మెంట్ కాబట్టి నడిచింది, మీది ప్రాచీన భాషల మాస్టర్స్ అయితే ఆ దారి చూడకండి, కాళ్లరిగేలా తిరగడమే. ట్రయమ్ ఎంబీఏ అని న్యూయార్క్ యూనివర్సిటీ స్టెర్న్ స్కూల్, లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్, హెచ్‌ఈసీ పారిస్ కలిసి 2001 నుంచి నడుపుతున్నాయి, అది పూర్తిగా ఫీజు మీదే, కట్టేది ఉద్యోగాల్లో పెద్ద పొజిషన్లలో ఉన్నవాళ్లు, మనకి పోలికే లేదు. నాకు నచ్చేది లా అండ్ ఎకనామిక్స్‌లో ఉన్న యూరోపియన్ మాస్టర్స్, ఈఎమ్‌ఎల్‌ఈ. అది 1990లోనే మొదలైంది, ఎరాస్మస్ ముండుస్ పుట్టింది 2004లో. అంటే స్కాలర్‌షిప్‌లు రాకముందే పద్నాలుగేళ్లు నడిచింది, నిలబడ్డ ఇంటికి స్కాలర్‌షిప్ ఒక కొత్త గది. మనలాంటి వాటిల్లో ఎక్కువ భాగం స్కాలర్‌షిప్పే పునాదిగా కట్టినవి, తీసేస్తే ఏం మిగులుతుందో ఎవరూ ఆలోచించలేదు.

కొందరు విడిగా ఒక అసోసియేషన్ రిజిస్టర్ చేద్దాం, అప్పుడు డబ్బు గొడవలుండవు అంటారు. మానవ హక్కుల మాస్టర్స్ ఒకటి, 1997లో మొదలైంది, వెనిస్ కేంద్రంగా నలభై దాకా యూనివర్సిటీలతో నడుస్తుంది, వాళ్లు 2002లో విడిగా సంస్థ పెట్టుకున్నారు. కానీ అది ఆ సైజుకి, పైగా దాని వెనక ఈయూ సాయం ఉంటూ వచ్చింది. నాలుగు యూనివర్సిటీలకి వేరే సంస్థ, వేరే ఆడిట్, వేరే బ్యాంక్ అకౌంట్... వద్దు.

అట్లాంటిక్‌కి రెండు వైపులా గ్రాంట్ ఉన్న ప్రోగ్రాంల సంగతి ఇంకోలా ఉంటుంది. అట్లాంటిస్ అని యూరోపియన్ కమిషన్, అమెరికా విద్యాశాఖలోని ఫిప్సీ అనే నిధి కలిసి 2006 నుంచి జాయింట్, డ్యూయల్ డిగ్రీలకి డబ్బిచ్చాయి, 2010 తర్వాత కొత్త కాల్స్ ఆగిపోయాయి. అమెరికా వైపు ట్యూషన్ ఎక్కువ, యూరప్ వైపు దాదాపు సున్నా, గ్రాంట్ లేకపోతే ఆ తేడా ఎవరు మోస్తారు? ఇలాంటి చోట పనికొచ్చే పాత చిట్కా ఒకటే, ఒకరికి ఒకరు. ఎవరి ఫీజు వాళ్ల సొంత యూనివర్సిటీకే, అవతల మాఫీ, మూడేళ్లకోసారి వచ్చినవాళ్లూ వెళ్లినవాళ్లూ సమానం అవ్వాలి. డబ్బు సరిహద్దు దాటదు కాబట్టి గొడవలు తక్కువ. ఇబ్బందల్లా ఏంటంటే ఈవైపు నుంచి వెళ్లేవాళ్లు ఎప్పుడూ ఎక్కువే ఉంటారు, అందుకని చిన్న సంఖ్యలోనే, ఏటా ముగ్గురో నలుగురో, అది నడుస్తుంది.

ఇప్పుడు కోత సంగతి, ఇది ఎవరికీ నచ్చదు. గ్రాంట్ అప్లికేషన్లో మార్కులు పడాలని ఆరు మొబిలిటీ ట్రాకులు (స్టూడెంట్ ఏ సెమిస్టర్‌కి ఏ దేశం వెళ్లాలనే దారులు), తొమ్మిది స్పెషలైజేషన్లు, పదిహేను అసోసియేటెడ్ పార్ట్‌నర్లు రాసుకుంటాం, నేనూ రాశాను. డబ్బు లేనప్పుడు అవన్నీ బరువే. నడుస్తున్న ప్రోగ్రాంలో మేం చేసింది ఇదీ: మొదటి సెమిస్టర్ అందరూ ఒకే చోట, రెండో సెమిస్టర్ అందరూ ఇంకో ఒకే చోట, మూడో సెమిస్టర్ నుంచే విడిపోవడం, థీసిస్ ఎక్కడైనా. పన్నెండు మందీ ఏడాది పాటు కలిసే ఉంటారు, వీసా పని ఇద్దరు ఆఫీసర్లతో అయిపోతుంది, బ్యాచ్‌కి బ్యాచ్ అనే ఫీలింగ్ కూడా ఉంటుంది. ఆరు ట్రాకుల్లో ఇద్దరిద్దరు చొప్పున చెల్లాచెదురైతే దాన్ని ప్రోగ్రాం అనరు, పోస్టాఫీసు అంటారు. ఒక పార్ట్‌నర్‌కి మూడేళ్లుగా స్టూడెంట్లే వెళ్లడం లేదంటే వాళ్లని థీసిస్ పార్ట్‌నర్‌గా మార్చండి, అవమానంగా ఫీలవుతారు, ఏడాదికి మర్చిపోతారు.

జాయింట్ డిప్లొమా కూడా ఇందులోకే వస్తుంది. నాలుగు పేర్లు ఒకే కాగితం మీద ఉండటం చూడటానికి బావుంటుంది, కానీ ఆ కాగితం వెనక ప్రతి దేశంలో అక్రెడిటేషన్, అంటే అధికారిక గుర్తింపు పని ఉంటుంది. 2015లో యెరెవాన్‌లో కలిసిన యూరప్ దేశాల విద్యామంత్రులు జాయింట్ ప్రోగ్రాంల క్వాలిటీ చెకింగ్‌కి యూరోపియన్ అప్రోచ్ అని ఒకటి ఒప్పుకున్నారు, ఒక్కసారి రివ్యూ చేయించుకుంటే అన్ని దేశాల్లో చెల్లాలి అని. కొన్ని దేశాల చట్టం దాన్ని పూర్తిగా ఒప్పుకుంటుంది, కొన్ని ఒప్పుకోవు, మీ నాలుగు దేశాలూ ఒప్పుకుంటే అదృష్టం, ఖర్చు చాలా తగ్గుతుంది. ఒప్పుకోకపోతే రెండు యూనివర్సిటీల మధ్య డబుల్ డిగ్రీగా దిగిపోండి. దాన్ని ఓటమి అనుకోవడం ప్రొఫెసర్ల జబ్బు, ఉద్యోగం ఇచ్చేవాడు రెండు డిప్లొమాలు చూసి ఒకటే ఎందుకు లేదని అడగడు.

వీసా గురించి ఒక మంచి వార్త. ఈయూలో స్టూడెంట్ల డైరెక్టివ్ 2016/801 ప్రకారం ఒక దేశం ఇచ్చిన స్టూడెంట్ పర్మిట్‌తో రెండో దేశంలో 360 రోజుల దాకా చదువుకోవచ్చు, డెన్మార్క్, ఐర్లాండ్ తప్ప. దీనికి ఎరాస్మస్ ముండుస్ గ్రాంటే ఉండాలని లేదు, రెండు మూడు యూనివర్సిటీల మధ్య అగ్రిమెంట్ ఉన్నా చాలు. అందుకే గ్రాంట్ అయిపోయినా దానితో పాటే అగ్రిమెంట్ గడువు కూడా తీరిపోకుండా చూసుకోండి. మేం రాసుకున్న అగ్రిమెంట్ చివరి తేదీ గ్రాంట్ చివరి తేదీనే, ఎవరో కాపీ పేస్ట్ చేశారు, అది ఇమిగ్రేషన్ ఆఫీసర్ చూసి చెప్తే గానీ మాకు తెలీలేదు.

ఇక మనిషి సంగతి. నేను చూసినంతలో ఇలాంటివి డబ్బు లేక ఆగిపోవడం తక్కువ, కోఆర్డినేటర్ వెళ్లిపోయి ఆగిపోవడం ఎక్కువ. గ్రాంట్ మీద పెట్టుకున్న కాంట్రాక్టు గ్రాంట్‌తో అయిపోతుంది, ప్రొఫెసర్ గారు పర్లేదు నేను చూసుకుంటా అంటారు, ఒక ఏడాది చూసుకుంటారు కూడా. మాకు అలానే జూన్‌లో ఆ అమ్మాయి కాంట్రాక్టు అయిపోయింది, జూలైలో వెళ్లాల్సిన వీసా లెటర్లు ఆగస్టు చివర్లో వెళ్లాయి, పంతొమ్మిది మందిలో ఆరుగురు అక్టోబరు దాటినా రాలేకపోయారు, వాళ్లలో నలుగురు ఫీజు వెనక్కి అడిగారు. ఆ ఆరుగురు ఆ సంవత్సరం ఇంటర్నెట్లో ఏం రాశారో దాని ఫలితం తర్వాతి అడ్మిషన్లలో కనపడింది. ఒక సగం పోస్టు, పర్మనెంటుది, మీ యూనివర్సిటీ బడ్జెట్లోంచి, ఇంకేదీ లేకపోయినా అది సాధించండి. డీన్ దగ్గరికి వెళ్లేటప్పుడు అంతర్జాతీయ గుర్తింపు, విజిబిలిటీ లాంటి మాటలు పట్టుకెళ్లకండి, మన మాస్టర్స్ చేసినవాళ్లలో ఎంతమంది ఇక్కడే పీహెచ్‌డీలో చేరారు, ఏ ల్యాబులో చేరారు, ఆ ల్యాబ్ ప్రొఫెసర్ చేత ఒక వాక్యం రాయించుకుని వెళ్లండి. నాకు పని చేసింది అదే.

స్కాలర్‌షిప్‌ల మాటకొస్తే అన్నీ పోయినట్టు కాదు. కొన్ని దేశాలు తమ పిల్లల్ని తామే పంపుతాయి, ఇండోనేషియాకి ఎల్‌పీడీపీ, కజకిస్తాన్‌కి బొలాషక్ లాంటివి. వీటిలో చిక్కేంటంటే ఒక యూనివర్సిటీ ఒక దేశం అనే లెక్కతో ఫారాలు ఉంటాయి, మూడు దేశాల్లో చదివే ప్రోగ్రాంని ఎలా చూస్తారో ముందే రాసి అడగండి, స్టూడెంట్ చేత కాదు, మీరే యూనివర్సిటీ లెటర్‌హెడ్ మీద అడగండి. ఏటా ఇద్దరొచ్చినా పన్నెండులో ఇద్దరు. ఫీజులో కొంత పక్కన పెట్టి ఒకటో రెండో ఫీజు మాఫీలు ఇవ్వండి, సగం సగం మాఫీ నలుగురికి ఇచ్చేకంటే పూర్తి మాఫీ ఇద్దరికి ఇస్తే మంచివాళ్లు వస్తారని మా అనుభవం.

మళ్లీ అప్లై చెయ్యాలా? తప్పకుండా చెయ్యండి, ఇప్పటి గ్రాంట్ ఆరేళ్లది, కనీసం నాలుగు బ్యాచ్‌లు. కానీ దాన్ని లాటరీ టికెట్‌లా జేబులో పెట్టుకోండి, దాని మీద ఇల్లు కట్టకండి. ఫిబ్రవరిలో అప్లై చేస్తే ఫలితం వేసవి చివరికి గానీ తెలీదు, అప్పటికి ఆ ఏడాది అడ్మిషన్లు అయిపోయి ఉంటాయి, అంటే వచ్చినా మధ్యలో ఒక బ్యాచ్ ఫీజుతో నడవాల్సిందే. ఫీజుతో వచ్చిన స్టూడెంట్ల అంకె అప్లికేషన్లో రాయగలిగితే గ్రాంట్ తర్వాత ఎలా నడుస్తుందో చెప్పే సస్టెయినబిలిటీ సెక్షన్ దానంతట అదే బలంగా ఉంటుంది. పార్ట్‌నర్ ఉన్న దేశానికి ఎరాస్మస్‌లో ఉన్న హోదా మారిపోయే సంగతి కూడా గుర్తుంచుకోండి, 2014లో స్విట్జర్లాండ్‌కీ, 2021లో బ్రిటన్‌కీ అదే జరిగింది, ఒకే పార్ట్‌నర్ మీద మొదటి సెమిస్టర్ మొత్తం పెట్టుకున్నవాళ్లు ఇబ్బంది పడ్డారు.

జాయింట్ పీహెచ్‌డీ గురించి కూడా చివర్లో ఒక లైను అడిగారు. అక్కడ ఫీజు మాట ఎత్తకండి, పీహెచ్‌డీ అంటే మూడు నాలుగేళ్ల జీతం. ఎరాస్మస్ ముండుస్ జాయింట్ డాక్టరేట్లని 2014 నుంచి మేరీ స్క్లొడోవ్‌స్కా క్యూరీ అనే ఈయూ రీసెర్చ్ గ్రాంట్ల కిందకి మార్చారు, అక్కడ దొరికితే సరే, లేకపోతే ఒక్కో స్టూడెంట్‌కి విడిగా కోట్యుటెల్ అగ్రిమెంట్ (ఒకే పీహెచ్‌డీని రెండు యూనివర్సిటీలు కలిసి చేయించే ఒప్పందం), ఇద్దరు గైడ్లు, అంతే.

ఒకవేళ మూసెయ్యాల్సే వస్తే చివరి బ్యాచ్ చేరకముందే వాళ్లకి చెప్పండి, అగ్రిమెంట్‌లో ఆఖరి అడ్మిషన్ తర్వాత ఇంకో నాలుగేళ్ల దాకా రీ ఎగ్జామ్‌లూ డిప్లొమాలూ ఎవరు చూస్తారో పేరు రాసిపెట్టండి. మా ఆగిపోయిన ప్రోగ్రాం తాలూకు ఒక కుర్రాడు మొన్న ట్రాన్స్‌క్రిప్ట్ కోసం రాశాడు, ఆ సిస్టమ్ పాస్‌వర్డ్ ఎవరి దగ్గరుందో కనుక్కోవడానికి మూడు వారాలు పట్టింది.

మీ నాలుగు యూనివర్సిటీల్లో ఫీజుకి చట్టం ఒప్పుకోనివి ఏవి, గత మూడు బ్యాచ్‌లలో స్కాలర్‌షిప్ లేకుండా ఎంతమంది చేరారు, ఈ రెండూ రాయండి, మీ అంకెలతో ఆ 60,000 లెక్క మళ్లీ వేసి చూపిస్తాను.